కాలువ నీటి పంపకం – పాడిరైతు తెలుసుకోవలసిన లెక్క



పాల సంఘాల పత్రికలో కాలువ నీటి పాఠం ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. గేదె పాలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఉండేది నీరే. ఆ నీరు గేదె తాగిన నీటి నుంచి, తిన్న పచ్చగడ్డి నుంచి రావలసిందే. మన గోదావరి డెల్టాలో తాగే నీరైనా, పచ్చగడ్డి అయినా, వరిగడ్డి అయినా చివరకు కాలువ మీదనే ఆధారపడి ఉన్నాయి. కనుక కాలువ నీరు ఎవరికి ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్న వరి రైతుకు ఎంత ముఖ్యమో పాలు పోసే సభ్యునికి కూడా అంతే ముఖ్యం.

ఒక వేసవిలో, కాలువలు కట్టే రోజులు దగ్గర పడుతుండగా, మేము కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక శివారు గ్రామానికి వెళ్లాము. అక్కడ బోరు వేస్తే ఉప్పునీరు వస్తుంది. ఊరి చెరువు అడుగంటింది. ఉదయం పోత తగ్గిపోతోందని కార్యదర్శి గారు పుస్తకం తెరిచి చూపించారు. సెంటు భూమి లేకుండా రెండు గేదెలను మేపుకుంటున్న ఒక సభ్యురాలు ఒక గేదెను అప్పటికే అమ్మివేసింది. “ఎందుకమ్మా, ఈనిన గేదెను అమ్ముకున్నావు?” అని అడిగాము. “గడ్డయితే అప్పో సప్పో చేసి మోపు కొనుక్కుంటామండీ. నీళ్లు ఏ కొట్లో అమ్ముతారు బాబూ?” అన్నది.

తిరుగు దారిలో అదే కాలువ వెంట పైకి వచ్చాము. కొన్ని మైళ్ల ఎగువన చేలలో చీలమండలు మునిగేంత నీరు నిలిచి ఉంది. గట్లు పొర్లి మురుగు కాలువలోకి పోతోంది. రెండు గ్రామాలూ ఒకే కాలువ మీద ఉన్నవి. ఆ కాలువలో నీరు లేక ఆమె గేదెను అమ్ముకోలేదు. ఆ నీటికి కొలత లేకపోవడం వల్ల అమ్ముకున్నది. ఈ పాఠంలో మేము చెప్పదలచినది ఆ కొలత గురించే.

నీరు ఎక్కడ బయలుదేరుతుంది

1832–33 కరువు, 1839 తుఫాను తరువాత గోదావరి మండలం చాలా దెబ్బతిని ఉంది. ఏటా నది నిండుగా పారుతున్నా పక్కన ఉన్న పొలానికి నీరు ఎక్కేది కాదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ప్రారంభమై 1852లో పూర్తయింది. నది అక్కడ పాయలుగా, లంకలుగా ఉన్నందున ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టారు. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970లలో కొత్త బ్యారేజీ పని చేపట్టి 1982లో పూర్తి చేశారు. నేడు మనకు నీరు ఇస్తున్నది ఈ బ్యారేజీయే.

దీని కింద మూడు డెల్టాలు ఉన్నాయి. ధవళేశ్వరం వద్ద బయలుదేరేది తూర్పు డెల్టా. సామర్లకోట, కాకినాడ, మండపేట, కోరంగి కాలువలు దీనివి. బొబ్బర్లంక వద్ద బయలుదేరేది మధ్య డెల్టా, అనగా కోనసీమ. గన్నవరం, అమలాపురం కాలువలు దీనివి. విజ్జేశ్వరం వద్ద బయలుదేరేది పశ్చిమ డెల్టా. ఏలూరు, నరసాపురం, అత్తిలి, ఉండి కాలువలు దీనివి. మూడింటి ఆయకట్టు కలిపి సుమారు పది లక్షల ఎకరాలు. అందులో సగానికి పైగా పశ్చిమ డెల్టాదే.

2022లో జిల్లాలు విడిపోయాయి గాని కాలువలు విడిపోలేదు. పశ్చిమ డెల్టాకు తలుపులున్న విజ్జేశ్వరం ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. ఆ నీటితో పండే పొలాలలో ఎక్కువ భాగం పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలలో ఉన్నాయి. నీటి పంపకానికి జిల్లా సరిహద్దు కాదు, కాలువ సరిహద్దే ప్రమాణమని సభ్యులు గుర్తుంచుకోవలెను.

డెల్టా నేల సముద్రం వైపు మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున వాలి ఉంటుంది. కాలువలను మెరక మీదుగా, మురుగు కాలువలను పల్లం మీదుగా తీశారు. మెరకన పారే కాలువ నుంచి తూము ద్వారా బోదెలోకి, బోదె నుంచి చేలోకి, చేలో మిగిలినది మురుగులోకి నీరు దానంతట అదే దిగుతుంది. ఈ ఏర్పాటులో మోటారు అక్కర లేదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. వాలు ఇంత తక్కువ కనుక ఎగువ తూము వద్ద నాలుగు అంగుళాలు ఎక్కువ లాగితే దిగువన నీటిమట్టం పడిపోతుంది. అప్పుడు శివారు తూము ముందు నీరు కనబడుతూ ఉన్నా బోదెలోకి ఎక్కదు.

సార్వాకు ఒక పద్ధతి, దాళ్వాకు ఒక పద్ధతి

సార్వాలో గోదావరికి నీటి కొరత అరుదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయాయి. ఆ కాలంలో మన కష్టం నీరు ఎక్కువై మురుగు లాగకపోవడం. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు కూడా వారు చెప్పిన కారణాలలో ఒకటి.

దాళ్వాలో పరిస్థితి వేరు. బ్యారేజీ జలాశయం కాదు. అందులో నిలిచేది సుమారు మూడు టీఎంసీలు మాత్రమే. ఇంటి ముందు కుండీ లాంటిదే తప్ప ఊరి చెరువు లాంటిది కాదు. డిసెంబరు నుంచి నదిలో పారకం వేల క్యూసెక్కులకు దిగిపోతుంది. అప్పుడు మనకు ఆదుకొనేది సీలేరు నీరు. సీలేరు మీది జలవిద్యుత్ కేంద్రాలలో కరెంటు తీసిన తరువాత విడిచే నీరు శబరిలో కలిసి, శబరి గోదావరిలో కలిసి ధవళేశ్వరం చేరుతుంది. కనుక దాళ్వాకు ఎంత నీరు వస్తుందన్నది నది సహజ పారకం మీద, సీలేరులో విడుదల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ అంచనా వేసుకొని పంట ప్రారంభానికి ముందు జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశమవుతుంది. కలెక్టరు గారు, ఇంజనీర్లు, వ్యవసాయ శాఖవారు, ప్రజాప్రతినిధులు, రైతు ప్రతినిధులు అందులో పాల్గొంటారు. ఆ సమావేశంలో నిర్ణయించేవి ముఖ్యంగా మూడు:

1. దాళ్వా వరికి ఎంత ఆయకట్టు. నీరు చాలని ఏళ్లలో అంతటికీ కాక కొంత భాగానికే అనుమతి ఇస్తారు. మిగతా భాగంలో ఆరుతడి పంటలు వేసుకోమంటారు.

2. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నీరు. నారుమళ్లు ఎప్పటికి పోయాలి, ఊడ్పులు ఎప్పటికి ముగియాలి అన్నవి దీనిని బట్టే ఉంటాయి.

3. వంతులవారీ ఎప్పటి నుంచి. పారకం తగ్గగానే కాలువలన్నిటికీ ఒకేసారి కొద్దికొద్దిగా ఇవ్వక, కొన్ని రోజులు కొన్నిటికి, తరువాతి రోజులు మిగతావాటికి నిండుగా ఇవ్వడమే వంతు. మట్టం నిలబడితేనే శివారుకు నీరు ఎక్కుతుంది గనుక ఈ పద్ధతి పెట్టారు.

సలహా మండలి నిర్ణయం పెద్ద కాలువ దాకా వస్తుంది. అక్కడి నుంచి తూము దాకా ఇంజనీర్లు, లష్కర్లు చూస్తారు. తూము దిగిన తరువాత చూడవలసింది మనమే. 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం ఆ బాధ్యతను నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. ప్రతి పంటకూ వంతుల పట్టిక తయారు చేయడం, తూముల మధ్య నీటిని ఆ పట్టిక ప్రకారం పంచడం ఆ సంఘాల విధులలో మొదటివి. 2024 డిసెంబరులో రాష్ట్రంలో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మీ తూముకు ఎవరు ప్రతినిధో మీకు తెలియనట్లయితే ఈ పాఠం చదివిన రోజే తెలుసుకొనవలెను.

గుర్తుంచుకోవలసిన ఒక లెక్క

క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లీటర్లలో 28 పైచిలుకు. మనకు ఉపయోగపడే లెక్క ఇది: ఒక క్యూసెక్కు ఒక గంట పారితే ఒక ఎకరంలో ఒక అంగుళం నీరు నిలుస్తుంది. ఇంత సులువైన లెక్క మరొకటి లేదు. ఒక ఎకరంలో ఒక అంగుళం నీరంటే సుమారు లక్ష లీటర్లు.

ఇప్పుడు ఒక బోదెను తీసుకుందాము. దాని కింద 60 ఎకరాలున్నాయి. ఎగువన 30, శివారున 30. వంతు వచ్చినప్పుడు తూము నుంచి రెండు క్యూసెక్కులు వస్తాయి. అయిదు రోజులు పారకం, అయిదు రోజులు కట్టుబడి.

అయిదు రోజులంటే 120 గంటలు. అరవై ఎకరాలకు పంచితే ఎకరానికి రెండు గంటలు. రెండు క్యూసెక్కులు రెండు గంటలు పారితే ఎకరానికి నాలుగు అంగుళాలు. వరి చేనుకు రోజుకు అంగుళంలో మూడవ వంతు ఖర్చు అనుకుంటే పది రోజులకు మూడుంబావు అంగుళాలు పైన కావాలి. అనగా నాలుగు అంగుళాలు అందరికీ సరిపోతాయి. బోదెలో ఇంకిపోయే దానికి కూడా కొద్దిగా మిగులుతుంది.

అయితే ఎగువ 30 ఎకరాలవారు “మళ్లీ వంతు వస్తుందో రాదో” అని నాలుగుకు బదులు ఆరు అంగుళాలు పెట్టుకున్నారనుకోండి. వారికి 180 గంటల-క్యూసెక్కులు పోతాయి. మొత్తం 240లో మిగిలేది 60. శివారు 30 ఎకరాలకు రెండేసి అంగుళాలు. అది ఆరు రోజులకు అయిపోతుంది. మిగతా రోజులు చేను నెర్రెలు ఇవ్వవలసిందే. పొట్ట దశలో ఇది జరిగితే తాలు తప్ప గింజ ఉండదు.

ఎగువవారికి ఆ రెండు అంగుళాల వల్ల ఏమైనా లాభమా? లేదు. అదనపు నీరు గట్టు పొర్లి, చల్లిన యూరియాను కూడా తీసుకొని మురుగులోకి పోతుంది. 30 ఎకరాలలో రెండేసి అంగుళాలంటే 60 లక్షల లీటర్లు. ఆ నీటిని శివారు రైతు మురుగు కాలువకు అడ్డుకట్ట వేసి, ఇంజను పెట్టి, డీజిలు పోసి తిరిగి తోడుకుంటాడు. మెరక మీద ఖర్చు లేకుండా వచ్చిన నీరే పల్లంలో డబ్బు పెట్టి కొనుక్కున్నట్లు అవుతుంది.

ఎగువ రైతును దొంగ అనడం మా ఉద్దేశం కాదు. అతడు భయపడుతున్నాడు. వంతు తేదీ గోడ మీద రాసి, ఆ తేదీకి నీరు తప్పక వస్తుందన్న నమ్మకం కలిగితే అతడే తూము దించుతాడు. నమ్మకం కుదరాలంటే కొలత ఉండాలి.

పాల కేంద్రంలో ఉన్నది, బోదె మీద లేనిది

మన పాల కేంద్రంలో ఏం జరుగుతుందో చూడండి. పది గేదెల ఆసామి వచ్చినా, ఒక్క గేదె ఉన్న అవ్వ వచ్చినా కొలత ఒక్కటే. లీటర్లు రాస్తాము, శాంపిలు తీస్తాము, వెన్న శాతం చూస్తాము, పుస్తకంలో ఎక్కిస్తాము. అనుమానం ఉంటే మళ్లీ పరీక్ష చేయించుకొనే హక్కు సభ్యునికి ఉంది. ఈ కొలత లేని రోజులలో దళారి చెంబుతో కొలిచి నోటికి వచ్చిన ధర చెప్పేవాడని పెద్దలకు తెలుసు. కొలత వచ్చిన తరువాతే సంఘం నిలబడింది.

కాలువ నీటికి ఆ కొలత లేదు. నీటి తీరువ ఎకరం లెక్కన కట్టేదే గాని లీటరు లెక్కన కాదు. 1996–97లో సవరించిన రేట్లు చూస్తే పెద్ద కాలువల కింద మొదటి వరి పంటకు ఎకరానికి 200 రూపాయలు, రెండవ పంటకు 150, చేపల చెరువుకు ఏడాదికి 500 రూపాయలుగా పెట్టారు. నాలుగు అంగుళాలు పెట్టినవారికీ, ఆరు అంగుళాలు పెట్టినవారికీ, రెండే అందినవారికీ తీరువ ఒక్కటే. కనుక పొదుపు చేసినవారికి లాభం లేదు, వృథా చేసినవారికి నష్టం లేదు. ప్రతి బోదెకూ మీటరు పెట్టడం సాధ్యం కాని పని. అలాంటప్పుడు నీటికి బదులు కాలాన్ని కొలవడమే మార్గం.

పంజాబు, హర్యానా కాలువల కింద చాలా కాలంగా జరుగుతున్నది ఇదే. దానిని వారాబందీ అంటారు. వారానికి 168 గంటలు. ఆ గంటలను తూము కింది ఎకరాలకు పంచి, ఏ రైతుకు ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది పట్టికగా రాస్తారు. రాత్రి రెండు గంటలకు వంతు వస్తే ఆ వేళకే లాంతరు పట్టుకొని వెళతారు. బోదె నిండటానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో కలుపుతారు. మన 1997 చట్టం చెప్పే వంతుల పట్టిక కూడా ఇటువంటిదే.

స్పెయిన్ దేశంలో వలెన్సియా పట్టణం దగ్గర ఎనిమిది కాలువల రైతులు తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. ఆ ప్రతినిధులు ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి వాకిట కూర్చుని నీటి తగాదాలు వింటారు. వకీళ్లు లేరు, కాగితాలు లేవు. తీర్పు అక్కడికక్కడే. ఈ నీటి పంచాయతీ శతాబ్దాలుగా నడుస్తోంది. 2009లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తగాదా ముదరక ముందే, అందరి ఎదుట, ఒకే రోజున, ఒకే చోట తీర్చడమే దాని బలం. వారం వారం పాల డబ్బు పంచుకొనే మనకు అలాంటి ఒక రోజు, ఒక అరుగు ఏర్పాటు చేసుకోవడం కష్టం కాదు.

బోదెలో నీటిని గడ్డి పరకతో కొలవడం

తూము నుంచి రెండు క్యూసెక్కులు వస్తున్నాయో ఒకటే వస్తోందో తెలుసుకొనే ఉపాయం ఇది. దీనికి ఒక టేపు, ఒక గడియారం చాలు.

బోదె తిన్నగా ఉన్న చోట 30 అడుగులు కొలిచి రెండు కర్రలు పాతండి. వెడల్పు, లోతు కొలవండి. వెడల్పు మూడడుగులు, లోతు ఒక అడుగు అనుకుందాము. పై కర్ర దగ్గర ఒక గడ్డి పరకను వదిలి కింది కర్ర చేరేదాకా సెకన్లు లెక్కించండి. మూడు మార్లు చేసి సగటు తీయండి. 36 సెకన్లు పట్టిందనుకుందాము.

30ని 36తో భాగిస్తే 0.83. దానిని వెడల్పుతో, లోతుతో గుణిస్తే 2.5. పైన పారే నీటి కంటే అడుగున పారే నీరు నెమ్మది గనుక 0.8తో గుణించాలి. అప్పుడు సరిగ్గా రెండు క్యూసెక్కులు. ఐదవ తరగతి చదివే పిల్లలు కూడా ఈ లెక్క చేయగలరు. ఈ అంకెను, తేదీని ఒక పుస్తకంలో రాసుకుంటే ఇంజనీరు గారి దగ్గరకు వెళ్లినప్పుడు “మాకు నీరు రావడం లేదండీ” అనే మాటకు బదులు “ఫలానా తేదీలలో రెండుకు బదులు ఒకటే వచ్చిందండీ” అని చెప్పగలరు. మొదటి మాట మొర. రెండవది లెక్క. లెక్కకు జవాబు చెప్పక తప్పదు.

పశువుల వాటా

ఇక మన సొంత విషయానికి వద్దాము. మరమ్మతుల కోసం, నదిలో పారకం తగ్గినందువల్ల, సాధారణంగా ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మొదలు దాకా కాలువలు కట్టివేస్తారు. కట్టే ముందు మంచినీటి చెరువులు నింపుకోమని గ్రామాలకు చెబుతారు. మనుషులు తాగే చెరువు నిండుతుంది. పశువుల చెరువు సంగతి చాలా చోట్ల మరచిపోతారు.

వేసవిలో పాలిచ్చే గేదెకు తాగడానికే రోజుకు 60 లీటర్ల దాకా కావాలి. నీరు తగ్గితే ముందు తగ్గేది పాలే. ఒక గ్రామంలో 300 పశువులున్నాయనుకుందాము. 45 రోజుల కట్టుబడికి తాగే నీరు ఎనిమిది లక్షల లీటర్లు. ఎకరం చెరువులో ఎనిమిది అంగుళాలన్న మాట. ఎండకు ఆవిరయ్యేది ఒక అడుగు పైన ఉంటుంది. ఇంకుడు, పశువులను కడగడం, గేదెలు పడుకోవడం కలుపుకొని ఎకరం చెరువులో నాలుగడుగులు నింపుకుంటే కట్టుబడి గడుస్తుంది.

నాలుగడుగులంటే 48 అంగుళాలు. రెండు క్యూసెక్కుల బోదె ఒక్క పగలు, ఒక్క రాత్రి పారితే, అనగా 24 గంటలలో, ఆ చెరువు నిండుతుంది. పైన మేము చెప్పిన 30 ఎకరాలలో అనవసరంగా పెట్టిన రెండు అంగుళాల నీరు 60 అంగుళాలు. ఆ ఒక్క వంతులో మురుగు పాలైన నీటితో ఊరి పశువులన్నీ వేసవి గట్టెక్కేవి. ఆ సభ్యురాలి గేదె కూడా అందులో ఉండేది.

అయితే ఆమె ఈ మాట ఎక్కడ చెప్పుకోవాలి? నీటి వినియోగదారుల సంఘంలో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవారికే. మన సంఘాలలో పాలు పోసేవారిలో భూమి లేనివారు, ఆడవారు చాలామంది ఉన్నారు. కాలువ మీద వారికి ఓటు లేదు గాని పాల సంఘంలో ఉంది. కనుక వారి తరఫున కాలువ సంఘంతో మాట్లాడవలసిన బాధ్యత పాల సంఘం పాలకవర్గానిదే. రెండు సంఘాలలోనూ సభ్యులుగా ఉన్న రైతులు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఈ పని వారి చేతిలో ఉంది.

పచ్చగడ్డి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దాళ్వా వరికి అనుమతి రాని ఏడాది చేను బీడు పెట్టనక్కర లేదు. సార్వా కోతకు ముందే చేలో పిల్లిపెసర చల్లితే నేలలో మిగిలిన పదునుతోనే పెరుగుతుంది, కాలువను నీరు అడగదు. పశువుకు బలమైన మేత, నేలకు సత్తువ. నీటి వసతి ఉన్న గట్టు పక్కన నేపియర్ రకం గడ్డి నాటుకుంటే, ఎకరానికి ఏడాదికి 60 టన్నులు వచ్చినా 15 సెంట్లు ఒక గేదెకు రోజుకు 25 కిలోల పచ్చిమేత ఇస్తాయి. వరిలా దానికి నీరు నిలవ పెట్టనక్కర లేదు, తడి ఇస్తే చాలు.

సంఘాలు చేయవలసిన పనులు

1. మీ గ్రామానికి నీరిచ్చే కాలువ పేరు, తూము సంఖ్య, దాని కింది ఎకరాలు, నీటి వినియోగదారుల సంఘం అధ్యక్షుని పేరు పాల కేంద్రం బోర్డు మీద రాయించండి.

2. సలహా మండలి నిర్ణయాలు తెలియగానే నీరు విడిచే తేదీ, కట్టే తేదీ, వంతు రోజులు అదే బోర్డు మీద రాయండి. రోజుకు రెండు పూటలా ఊరంతా వచ్చే చోటు పాల కేంద్రమే.

3. జనవరి నెల సమావేశంలో పశువుల లెక్క తీసి, చెరువుకు ఎంత నీరు కావాలో పైన చెప్పిన విధంగా లెక్క కట్టండి. కాలువ కట్టడానికి నెల ముందే నీటి వినియోగదారుల సంఘానికి, పంచాయతీకి, ఇంజనీరు గారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

4. ఫిబ్రవరి, మార్చి నెలలలో వారానికి ఒకసారి తూము వద్ద నీరు కొలిచి పుస్తకంలో ఎక్కించండి. ఈ పని ఇద్దరు యువ సభ్యులకు అప్పగించండి. ఒకరు ఎగువవారు, ఒకరు శివారువారు అయి ఉండవలెను.

5. బోదెలో పూడిక, తుంగ, గుర్రపు డెక్క తీయడానికి వంతులవారీ మొదలు కాక ముందే ఒక రోజు శ్రమదానం పెట్టండి. పూడిన బోదెలో ఎన్ని క్యూసెక్కులు వదిలినా శివారుకు చేరవు.

6. తూము పగలగొట్టడం, గట్టుకు గండి కొట్టడం, రాత్రి గొట్టాలు వేయడం మన సభ్యులెవరూ చేయరాదు. చట్టం ప్రకారం అది నేరం. పాలలో నీళ్లు కలిపేవారిని మనం సహించము. కాలువలో అందరి నీటిని ఒక్కరు లాగితే దానిని కూడా అలాగే చూడవలెను.

ముగింపు

నూట డెబ్బై ఏళ్లకు పైగా ధవళేశ్వరం నుంచి నీరు వస్తోంది. నదిని ఆపే పని పెద్దవారు చేసి పెట్టారు. నీటిని తూము దాకా తెచ్చే పని ప్రభుత్వం చేస్తోంది. తూము నుంచి చివరి మడి దాకా, చివరి గేదె దాకా తీసుకుపోయే పని మనది. పాలను కొలిచి పంచుకోవడం నేర్చుకున్నవారికి నీటిని కొలిచి పంచుకోవడం అసాధ్యం కాదని మా నమ్మకం.

సంఘ సమావేశంలో ఈ ప్రశ్నలను చదివి చర్చించవలసిందిగా కోరుతున్నాము:

మీ తూము కింద ఎన్ని ఎకరాలున్నాయి? అందులో శివారు ఎకరాలు ఎన్ని?

కిందటి దాళ్వాలో మీ వంతు ఎన్ని రోజులు? పూర్తి రోజులు నీరు వచ్చిందా?

మీ ఊరిలో పశువులెన్ని? వాటి చెరువు విస్తీర్ణం ఎంత? కట్టుబడికి ముందు ఎన్ని అడుగులు నింపారు?

భూమి లేని సభ్యుల తరఫున కాలువ సంఘంతో ఎవరు మాట్లాడతారు?

నాలుగవ ప్రశ్నకు ఒక పేరు రాసుకొని సమావేశం ముగించండి.